తూకం చూసి చెప్పిన మాట

నరసింహారావు ఇంటికి రెండు రిసీవర్లు చేరడం దగ్గర పోయిన వారం ఆగాం. రిసీవరంటే రేడియో, యాంప్లిఫయరు ఒకే పెట్టెలో ఉండేది. వీడియో డెక్కు నుంచి వచ్చే మాట, పాట టీవీలోంచి కాకుండా దీనికి తగిలించిన రెండు స్పీకరు పెట్టెల్లోంచి వస్తాయి. ఒకటి ఢిల్లీ సెట్టు, ధర రెండు వేల నాలుగు వందలు. రెండోది జపాన్ సెట్టు, తొమ్మిది వేల రెండు వందలు. రెండింటినీ నరసరావుపేటలో బ్రహ్మయ్య షాపు నుంచి చూసుకుంటామని తెచ్చారు. ఏది ఉంచుకోవాలో, ఏది తిరిగి పంపాలో ఈ ఆదివారం తేలాలి. తేల్చాల్సినవాడు రేడియో మెకానిక్కు జాన్ సాహెబ్.

జాన్ సాహెబ్‌కి పేటలో ఇరవై మూడేళ్లుగా రిపేరు షాపుంది. ఆయన ఏ సెట్టునైనా ముందు ఎడమ చేత్తో ఎత్తి చూస్తాడు. యాంప్లిఫయరుకు బలం ట్రాన్స్‌ఫార్మరులో ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మరంటే ఇనుము, రాగి. అవి సరిగా వేసినవాడి సెట్టు బరువుంటుంది, మిగుల్చుకున్నవాడిది తేలిపోతుంది. ఎత్తి చూసి ఆయన ‘సరుకుంది’ అంటే జనం కొంటారు. ఏమీ అనకుండా కింద పెడితే కొనరు. బజార్లో దీన్ని సాయిబు తూకం అంటారు.

మంగళవారం బ్రహ్మయ్య షాపులో ఆయన జపాన్ సెట్టును ఎత్తాడు. పదకొండు కిలోలుంటుందనుకున్నాడు. మూత తీయలేదు. నరసింహారావు వింటుండగా, ‘సరుకున్నట్టే ఉంది’ అన్నాడు. ఆ మాట మీదనే సెట్టు జీపెక్కింది.

నరసింహారావు ఊరు బొల్లాపల్లికి నాలుగు మైళ్లు. ఆదివారం పదకొండింటికి జాన్ సాహెబ్ బస్సు దిగాడు. నరసింహారావు తల్లి తిరుపతమ్మ గడపలోనే ఆపి కోడిని చేతికిచ్చింది.

“నువ్వు కోస్తే నువ్వూ తింటావు. మావాళ్లు కోస్తే మజ్జిగన్నం తిని పోతావు. కొయ్యి.”

కోశాడు. చేతులు కడుక్కుని హాల్లోకి వచ్చాడు. టీవీ, డెక్కు బల్ల మీద ఉన్నాయి. రెండు సెట్లు కింద పక్కపక్కన ఉన్నాయి. జపాన్ సెట్టుకు ముందు భాగమంతా లైట్లు. పాట పెరిగితే పైకి, తగ్గితే కిందికి పరుగెత్తుతాయి. ఢిల్లీ సెట్టుకు ఎర్ర బల్బు ఒకటే.

బయట నరసింహారావు పందిరి వేయిస్తున్నాడు. మండలం ఎన్నికలు దగ్గరపడ్డాయి. పక్క ఊళ్లో ఆయన మీద నిలబడేవాడి ఇంట్లో సింగపూరు సెట్టుంది. వాడింటికి జనం వీడియోకి పోతున్నారు. అందుకని ఆ సాయంత్రానికి పదకొండు ఊళ్ల పెద్దల్ని ఇంటికి పిలిచాడు. డబ్బు తీసుకుపోవడానికి వచ్చిన బ్రహ్మయ్య, ఇంటి వెనక వసారాలో విస్తరి ముందు కూర్చున్నాడు. సరుకు అమ్ముడయ్యే రోజున భోజనం కూడా లెక్కలోదే అని నవ్వి, ముందే వడ్డించమన్నాడట.

జాన్ సాహెబ్ డెక్కు నుంచి వచ్చే తీగను రెండుగా చీల్చి రెండు సెట్లకూ పెట్టాడు. స్పీకర్లను మాత్రం ఢిల్లీ సెట్టుకు కలిపి, ఎర్ర బల్బు కనపడకుండా దాని మీద తన తువ్వాలు వేశాడు. సెట్లు పోల్చేటప్పుడు ఆయన ఎప్పుడూ చేసే పనే ఇది. వినేవాడి కళ్లు లైట్ల మీద ఉన్నంతసేపు చెవి పనిచేయదని ఆయనకు తెలుసు.

పాట పెట్టాడు. జపాన్ సెట్టు లైట్లు పరుగెత్తాయి. తిరుపతమ్మ మంచం మీద ఉంది. గడప దగ్గర కౌలు రైతు పుల్లయ్యా, మరో నలుగురూ కూర్చున్నారు.

“జపాన్ అంటే జపానే,” అన్నాడు పుల్లయ్య. “ఆ అమ్మాయి మన పక్కన కూర్చుని పాడతన్నట్టు లేదూ?”

జాన్ సాహెబ్ స్పీకర్లను జపాన్ సెట్టుకు మార్చాడు. తువ్వాలు తీసి దాని లైట్ల మీద వేశాడు. ఎర్ర బల్బు బయటపడింది. అదే పాట మొదటినుంచి పెట్టాడు.

“ఇదీ ఢిల్లీది,” పుల్లయ్య పెదవి విరిచాడు. “రేకుల షెడ్డు మీద వాన పడ్డట్టుంది. కట్టెయ్యి సాయిబూ, చెవులు పోతన్నయ్.”

జాన్ సాహెబ్ తువ్వాలు తీసి, స్పీకరు తీగలు ఎక్కడ తగిలించి ఉన్నాయో వేలితో చూపించాడు. అర్థం కావడానికి కాసేపు పట్టింది. ముందు నవ్వింది తిరుపతమ్మే.

“ఒరేయ్ పుల్లయ్యా, నీ చెవులు యాడ చేశార్రా? జపాన్లోనా?”

“నాకు ముందే అనుమానం వచ్చిందత్తా.”

“వచ్చింది, వచ్చింది. నోరు మూసుకో.”

ఇంతవరకూ జాన్ సాహెబ్‌కు ఆశ్చర్యం లేదు. చిన్న శబ్దంలో రెండు సెట్లకూ తేడా తెలియదు. ఎక్కువ ధర పెట్టినవాడికి దాని ఫలితం పెద్ద శబ్దంలో దొరకాలి. స్పీకర్లను మళ్లీ ఢిల్లీ సెట్టుకు కలిపి, శబ్దం మీటను ఎనిమిది అంకె దాకా తిప్పాడు. అప్పటిదాకా నిలబడిన గొంతు అక్కడ బొంగురుపోయింది. స్పీకర్లు మార్చి జపాన్ సెట్టును తిప్పాడు. ఐదు దగ్గరే పగిలింది. తగ్గించి మళ్లీ తిప్పాడు. మళ్లీ ఐదు దగ్గరే.

ఎడమ చేత్తో దాన్ని మరోసారి ఎత్తాడు. పదకొండు కిలోల సెట్టు ఐదు దగ్గర పగలకూడదు. దించి, సంచిలోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

బ్రహ్మయ్య ఎంగిలి చేత్తోనే వసారా గుమ్మంలోకి వచ్చాడు.

“ఏంది సాయిబూ, ఏం చేస్తన్నావు? ఆ సీలు చించితే గ్యారంటీ పోద్ది.”

“గ్యారంటీ ఎవరిచ్చారయ్యా?” అంది తిరుపతమ్మ.

“కంపెనీ వాళ్లమ్మా.”

“వాళ్లు మా ఊరొచ్చి బాగు చేస్తారా?”

“అట్టా కాదమ్మా...”

“మరెట్టా? మిరపకాయలమ్మిన డబ్బులు నావి. సాయిబూ, తియ్యి.”

స్క్రూలు ఆరు. ఒకదాని మీద కాగితం సీలు. చించాడు. మూత లేవగానే తారు వాసన వచ్చింది. రోడ్డేసేచోట వచ్చే వాసన. గడప దగ్గరివాళ్లు లేచి వచ్చారు.

లోపల కుడి మూల సర్క్యూట్ బోర్డు ఉంది. అది మామూలుగా స్థానికంగా దొరికే బోర్డు. ఢిల్లీ సెట్టులోదానికంటే చిన్నది. ఎడమ మూల పిడికిలంత ట్రాన్స్‌ఫార్మరు. మధ్యలో, పెద్ద ట్రాన్స్‌ఫార్మరు ఉండాల్సిన చోట, నల్ల కాగితం చుట్టిన బిళ్ల ఒకటి తారుతో అంటించి ఉంది. మీద ఇనప పట్టీ, దానికి రెండు బోల్టులు. సెట్టు వేడికి తారు కరిగి పక్కకు కారింది. కారినదాంట్లో రెండు బొద్దింకలు అతుక్కుని చచ్చి ఉన్నాయి. ఒకదాని మీసాలు ఇంకా పైకే ఉన్నాయి.

జాన్ సాహెబ్ బోల్టులు విప్పి, బిళ్లను వేళ్లతో లాగాడు. తారు తీగలుగా సాగింది. కాగితం చిరిగి రాయి కనపడింది. జానెడు వెడల్పు, జానెడున్నర పొడవు, అంగుళం మందం.

తిరుపతమ్మ మంచం దిగి వచ్చి వంగి చూసింది. గోటితో గీకింది.

“ఇది నాపరాయి. మాచర్ల రాయి. మా వంటింట్లో పరిచింది ఇదే.” ఆమె బ్రహ్మయ్య వైపు తిరిగింది. “జపాన్ వాళ్లు మాచర్ల వచ్చి తీసకపోయారా నాయనా?”

బ్రహ్మయ్య తన చేతి వేలొకటి నోట్లో పెట్టుకుని పులుసు నాకాడు.

“నాకేం తెలుసమ్మా? మద్రాసు నుంచి వచ్చింది వచ్చినట్టే అమ్మాను,” అని, వెళ్లి మళ్లీ విస్తరి ముందు కూర్చున్నాడు. “కాస్త కూర వెయ్యండమ్మా” అని ఆయన అడగడం హాల్లోకి వినపడింది.

జాన్ సాహెబ్ చేతిలో రాయి బరువు చూశాడు. ఐదు కిలోలు. కొనేవాడు సెట్టును ఎత్తి చూడడు. లైట్లు చూస్తాడు, పేరు చూస్తాడు. కాబట్టి రాయి పెట్టింది కొనేవాడి కోసం కాదు. పేట బజారు మొత్తంలో సెట్టును ఎత్తి ధర చెప్పే చెయ్యి ఒకటే ఉంది. రాయి ఆ చేతి కోసం పెట్టారు.

రాయిని సెట్టు పక్కన కింద పెట్టాడు.

నరసింహారావు లోపలికి వచ్చాడు. సెట్టును, రాయిని, తల్లిని చూశాడు. గడప దగ్గరివాళ్లను బయటికి పొమ్మన్నాడు. పుల్లయ్య కదలకపోతే, “నీక్కూడా చెప్పాలా?” అన్నాడు. తలుపు దగ్గరికి వేశాడు.

“ఇంకెవరికైనా తెలుసా?”

“తెలియాల్సిన వాళ్లకి తెలిసింది గదరా,” అంది తల్లి. “వాణ్ని విస్తరి ముందు నుంచి లేపు.”

నరసింహారావు ఆ పని చేయలేదు. వసారా గుమ్మంలో నిలబడ్డాడు.

“బ్రహ్మయ్యా, ఇదెంతకి పడింది నీకు?”

“అన్నా, నా మీద ఒట్టు, నాకు తెలియదు.”

“ఎంతకి పడిందని అడిగా.”

బ్రహ్మయ్య ఎముక విరిచి మూలుగ పీల్చాడు. “పద్దెనిమిదొందలియ్యన్నా. నువ్వు బాధపడితే నాకు బాగుండదు.”

“పద్దెనిమిదొందలు. బిల్లు మాత్రం తొమ్మిదివేల రెండొందలకే రాయి.”

“అట్టాగే. ఇప్పుడే రాస్తా, చెయ్యి కడుక్కుని.”

బేరం అంతే. కూర గిన్నె ఇంకా ఆవిరి వదులుతోంది.

నరసింహారావు హాల్లోకి తిరిగి వచ్చాడు. “సాయిబూ, మూత బిగించు. సాయంత్రం అందరూ కూర్చున్నాక, నువ్వు లేచి, సెట్టు పరీక్ష చేశా, సరుకుంది అని ఒక్క మాట చెప్పు. నీ రాకపోకల ఖర్చుగాక రెండొందలిస్తా.”

“దీంట్లో సరుకు లేదండీ. ఢిల్లీది నయం. రెండు వేల నాలుగొందలకి అది ధర్మమైన సెట్టు. అది ఉంచుకోండి.”

“ఢిల్లీది పక్కూరి కిరాణా కొట్లో కూడా ఉంది.”

“పాట వినడానికే గదండీ కొంటున్నారు?”

“పాట వినడానికి కొంటన్నానని నీకెవరు చెప్పారు?” నరసింహారావు జపాన్ సెట్టు ముందు భాగాన్ని కాలి బొటనవేలితో చూపించాడు. “పైన ఏం రాసుంది? అది జనానికి కనపడుద్ది. లోపల ఏముందో నువ్వు మూత బిగిస్తే ఎవడికీ కనపడదు. నీకొచ్చిన కష్టమేంది?”

“నా మాట అడుగుతున్నారండీ మీరు.”

“నీ మాట ఎప్పుడో అయిపోయింది. మంగళవారం సరుకుందన్నది ఎవరు? నేనా? ఇప్పుడు రాయుందంటే నవ్వేది నన్ను గాదు. సాయిబు తూకం రాయికీ రాగికీ తేడా తెలియనిదని పేటంతా చెప్పుకుంటారు. రేపటినుంచి నీ షాపుకి రేడియో ఎవడు తెస్తాడో చూసుకో.”

ఆ మాట నిజం. జాన్ సాహెబ్‌కు పొలం లేదు, ఇల్లు అద్దెది. ఉన్నదల్లా ఎడమ చేత్తో ఎత్తి చెప్పే మాట. దాన్ని తప్పని తనే చెబితే అది పోతుంది. చెప్పకపోతే ఈ సాయంత్రం పదకొండు ఊళ్ల వాళ్లు దాన్ని నమ్మి, ఇలాంటి సెట్ల కోసం బ్రహ్మయ్య షాపుకు వస్తారు.

“ఒరేయ్ నరసింహం,” అంది తిరుపతమ్మ, “నువ్వు పెద్దరికం చేస్తావంటే నా డబ్బిస్తన్నా. వాడు మోసం చేస్తే వాడి మోసానికి నువ్వు బేరమాడతన్నావు. మీ నాయన ఉంటే కూడు తినేవాడు కాదు.”

“నువ్వు లోపలికి పోమ్మా.”

“పోను.”

జాన్ సాహెబ్ వాళ్లిద్దరి మధ్య నిలబడదలచుకోలేదు. రాయి తీసుకుని బయటికి వెళ్దామని వంగాడు. రాయి లేచిన చోట ట్రాన్స్‌ఫార్మరు పూర్తిగా కనపడింది. దాని మీద కాగితం, కాగితం మీద దారం. తీగ చుట్టడం అయ్యాక చివర ఊడకుండా దారంతో కడతారు. మెకానిక్కులందరూ మామూలు ముడి వేస్తారు. ఇక్కడ దారం రెండు వేళ్ల మీదుగా తిప్పి, మెలివేసి, కిందినుంచి లాగి ఉంది. మల్లెపూలు మాల కట్టే ముడి.

ఆ ముడి ట్రాన్స్‌ఫార్మరుకు వేసేవాళ్లు ఆయన ఎరిగినంతలో ఒకరే. చెల్లెలు సుల్తానా. మొగుడు వదిలి పోయాక ఏడేళ్లుగా అన్న ఇంట్లో ఉంటోంది. తీగ చుట్టడం ఆయనే నేర్పాడు. ముడి మాత్రం తన చేతికి వచ్చిందే వేస్తానంది. పూలు కట్టినట్టు కడుతున్నావేందే అని ఆయన నవ్వేవాడు. ఊడిందా చెప్పన్నా అనేది ఆమె. ఒక్కటీ ఊడలేదు. సెట్టును ఆయన ఎడమ చేత్తో ఎందుకు ఎత్తుతాడో కూడా ఆమెకు ఆయనే చెప్పాడు.

దారం కొసను గోటితో లేపి చూశాడు. చేతికి తారు అంటింది. ముడి అదే.

“గుర్తుపట్టావా?”

బ్రహ్మయ్య వెనక నిలబడి ఉన్నాడు. చెయ్యి కడుక్కుని పంచెకు తుడుచుకుంటున్నాడు. గొంతు జాన్ సాహెబ్‌కే వినపడేంత చిన్నది.

“మూత బిగించు సాయిబూ. అందరికీ మంచిది.”

జాన్ సాహెబ్ రెండు చేతుల్తో రాయి ఎత్తాడు. మోచేత్తో తలుపు తోసి బయటికి నడిచాడు. పందిరి కింద పాతిక మంది ఉన్నారు, కొందరు వేరే ఊళ్ల వాళ్లు. ముందే వచ్చినవాళ్లకు మజ్జిగ ఇస్తున్నారు. ఆయన రాయిని మజ్జిగ గ్లాసులున్న బల్ల మీద పెట్టాడు.

“నా పేరు జాన్ సాహెబ్. పేటలో రేడియోలు బాగు చేస్తా. జపాన్ సెట్టులో సరుకుందని మంగళవారం నేను చెప్పాను. తప్పు చెప్పాను. మూత తీసి చూడకుండా చెప్పాను. లోపలున్నది ఈ రాయి. ఇలాంటి సెట్టు ఎవరైనా కొని ఉంటే నా దగ్గరికి తీసుకురండి, ఊరికే విప్పి చూపిస్తా.”

పుల్లయ్య వచ్చి రాయిని ముట్టుకున్నాడు. వేలికి తారు అంటితే పందిరి గుంజకు రాశాడు. ఎవరో ‘తూ’ అన్నారు. ఎవర్ని అన్నారో తెలియలేదు.

నరసింహారావు గుమ్మంలో నిలబడిపోయాడు. బ్రహ్మయ్య ఆయన్ని దాటుకుని పందిట్లోకి వచ్చాడు.

“బాగా చెప్పాడు. పెద్దమనిషి,” అన్నాడు అందరికీ వినపడేట్టు. “ఇంకొకటి మిగిలింది. అది కూడా చెప్పు సాయిబూ. లోపల ట్రాన్స్‌ఫార్మరు చుట్టిందెవరు?”

“ఎవరయ్యా?” అంది తిరుపతమ్మ.

జాన్ సాహెబ్ చేతుల వైపు చూసుకున్నాడు. తారు గోళ్లలోకి పోయింది.

“మా చెల్లెలు. సుల్తానా.”

ఈ జవాబు వస్తుందని బ్రహ్మయ్య అనుకోలేదు. ముందు తేరుకున్నది నరసింహారావు. మెట్లు దిగి వచ్చాడు.

“విన్నారు గదా. వీళ్లింట్లోనే తయారు చేసి, వీళ్లే బాగుందని చెప్పి, నా నెత్తిన పెట్టారు. నేను మోసపోయా. ఆ అమ్మాయిని ఇక్కడికే పిలిపిస్తా. మీ అందరి ముందే తేలుద్ది. ఒరేయ్, జీపు తియ్యండిరా పేటకి.”

“ఆడకూతుర్ని ఇంతమందిలోకి ఎందుకురా?” తిరుపతమ్మ అడిగింది. ఆయన వినిపించుకోలేదు.

“నేనూ వస్తా,” అన్నాడు జాన్ సాహెబ్.

“నువ్వు యాడికీ కదలొద్దు. ముందే పోయి ఏం చెప్పాలో నేర్పుతావు.” నరసింహారావు డ్రైవరు వైపు తిరిగాడు. “ఇల్లు తెలుసుకుని పో. ఇల్లెక్కడ సాయిబూ?”

జాన్ సాహెబ్ చెప్పలేదు.

“ఆయన్ని అడగడమెందుకన్నా?” బ్రహ్మయ్య అప్పటికే జీపెక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. “ఇల్లు నాకు తెలుసు.”

జీపు మలుపు తిరిగింది. పేటకు బస్సు మళ్లీ ఐదింటికి. జాన్ సాహెబ్ ఇరవై మూడేళ్లలో బ్రహ్మయ్యను ఒక్కసారి కూడా తన ఇంటికి తీసుకువెళ్లలేదు.